నల్లవాగుపాడు బస్సు

నల్లవాగుపాడుకి బస్సొచ్చిన రోజున కొండమ్మ దానికి దిష్టి తీసింది. గుప్పెడు ఎండుమిరపకాయలు, కాస్త రాళ్ళుప్పు గుప్పిట పట్టుకుని, ఆ ఎర్రబస్సు మొహం ముందు మూడుసార్లు తిప్పి, "ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి, బస్సులేని ఊళ్ళోళ్ళ దిష్టి" అంటూ మంటలో పడేసింది. ఘాటుకి డ్రైవరు దగ్గి దగ్గి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. ప్రార్థన చేయడానికొచ్చిన పాస్టరు క్రీస్తుదాసుగారు నొచ్చుకున్నారు.

"ఇదేం పని కొండమ్మా? సంఘంలో పెద్దదానివి నువ్వు."

"ప్రార్థన మీరు చెయ్యండయ్యా, దిష్టి నేను తీస్తా. రెండూ ఉంటే మంచిదేగా! ఘాటొచ్చింది చూశారా, ఇంక దానికి ఏ కన్నూ తగల్దు."

ఆ మాటకొస్తే కన్ను తగిలేంత అందమైన బస్సేం కాదది. కిటికీ అద్దాలు సగం లేవు, గేరు మార్చినప్పుడల్లా మూలుగుతుంది. అయితేనేం, ఊరు పుట్టి బుద్ధెరిగాక వచ్చిన మొదటి బస్సు. అంతకుముందు ట్రంకు రోడ్డు ఎక్కాలంటే ఐదు మైళ్ళు నడవాల్సిందే. ఎండాకాలం పరవాలేదు. వాన పడిందా, ఆ తిప్పలు పగవాడికి కూడా వద్దు. నల్లరేగడి నేల కాలు పట్టుకుంటే వదలదు. బండి ఇరుసుదాకా దిగబడిపోతుంది, ఎద్దులు మోకాళ్ళ మీద కూలబడతాయి. జబ్బు మనిషిని నులకమంచం మీద వేసుకుని నలుగురు మోయాలి. కొండమ్మ మొగుడు దానయ్యని పాము కరిస్తే అట్లాగే మోశారు. వాగు దాటాక మోసేవాళ్ళలో ఒకడు, "ఇంక తొందరేం లేదులేరా, దించండి" అన్నాడు. పదేళ్ళయినా ఆ మాట కొండమ్మ చెవుల్లోంచి పోలేదు.

అందుకే బస్సు కోసం ఆవిడ చేయని పని లేదు. ఎనభై ఒకటిలో జనాభా లెక్కలవాళ్ళు వచ్చినప్పుడు మిరపకోతలు ముమ్మరంగా సాగుతున్నాయి. ఊరికి ఎడంగా కొండమ్మ వాళ్ళుండే పల్లె పల్లెంతా చేలల్లో ఉంది. "జనం ఎక్కువుంటేనే బస్సేస్తారంట" అని సర్పంచి అంకమ్మరావు ఒక మాట అన్నాడు. అంతే! కోతముఠాకి పెద్ద కొండమ్మ. ఆ రోజు ముఠా మొత్తానికి కోత మాన్పించి, చంకల్లో పసిబిడ్డలతో సహా ఎవరి గుమ్మంలో వాళ్ళని నిలబెట్టింది. లెక్కలు రాసే మేష్టారి వెనకాలే తిరిగింది. "అయ్యా, ఆ ఇంట్లో గుడ్డిముసల్ది మంచంలో ఉంది, రాశారా? ఇదుగో, ఈ పిల్ల నిన్ననే పుట్టింది, ఇంకా పేరు పెట్టలా, మనిషి కాదంటారా ఏంది?" అని వదలకుండా రాయించింది.

మరో రెండేళ్ళకి డిపో వాళ్ళు దిగొచ్చారు. ఊళ్ళో జనం బాగానే ఉన్నారు, కొన్నాళ్ళు నడిపి చూస్తామన్నారు. దారి మీద ఒక వరస గ్రావెల్ పోయించారు. బస్సు నిలదొక్కుకుంటే రెండో వరస పోస్తామని రోడ్ల శాఖ వాళ్ళు చెప్పారు. ఊళ్ళో బస్సు తిరగడానికి చోటు లేదు. పల్లెలో చర్చి ముందున్న ఖాళీ జాగాలోనే తిప్పాలి. దాంతో రైతుల ఆడవాళ్ళు కూడా పల్లెకొచ్చి బస్సెక్కాల్సొచ్చింది. మొదట్లో కొందరు మొహాలు ముడుచుకున్నారు గానీ, నాలుగు రోజులకి సర్పంచి గారి భార్య వెంకటరావమ్మే గొడుగేసుకొచ్చి చర్చి అరుగు మీద కూర్చుని కొండమ్మతో కబుర్లు చెప్పింది. అంతకంటే ఏం కావాలి!

కండక్టరు పేరు మాబు సాహెబ్. వినుకొండ వైపు మనిషి, ముప్పై ఏళ్ళుంటాయి. మాట మెత్తన, మనసు మరీ మెత్తన. ఆ మెత్తన మనిషితో ఊరు ఎట్లా ఉండాలో అట్లా ఉండలేకపోయింది.

మొదటిరోజు మధ్యాహ్నం బస్సు చర్చి దగ్గర ఆగాక, అతను టిఫిను గిన్నె మూత తీశాడు. చద్దన్నం, ఇంత ఊరగాయ. కొండమ్మ చూసింది. చూసి ఊరుకుంటుందా?

"ఏందయ్యా ఇది? మా ఊరికి మొదటి బస్సు తెచ్చినోడివి, మా గుమ్మం ముందు చద్దన్నం తింటావా? మా పరువేం గాను?"

"పరవాలేదు పిన్నమ్మా, అలవాటే."

"నీకు అలవాటు, మాకు తలవంపులు. మాలాటోళ్ళ ఇంట్లో తింటావో తినవో చెప్పు ముందు."

"ఆకలికి అయ్యన్నీ ఏంది పిన్నమ్మా" అని నవ్వాడు మాబు సాహెబ్.

వేడివేడి అన్నం, గోంగూర పచ్చడి, పచ్చి ఉల్లిపాయ, డ్రైవరుకీ అతనికీ కడుపునిండా పెట్టింది. మర్నాడు పొద్దున పేటలో పనుండి కొండమ్మ బస్సెక్కింది. చిలకలూరిపేటని అక్కడందరూ పేట అనే అంటారు. మాబు సాహెబ్ టికెట్ల కట్టలు పేర్చుకున్న రేకు తట్ట పట్టుకుని వచ్చి, "పేటకేనా పిన్నమ్మా?" అన్నాడు. కొండమ్మ బిత్తరపోయి చూసింది.

"నాకు టికెట్టా?"

"మరి?"

"నిన్న నా చేతి అన్నం తిని, ఇవ్వాళ నా దగ్గర డబ్బులు పుచ్చుకుంటావా సాయిబూ? అంటే నేను నీకు అన్నం పెట్టినట్టా, అమ్మినట్టా?"

బస్సంతా గొల్లుమంది. మాబు సాహెబ్ చెవులు ఎర్రబడ్డాయి. తల గోక్కుని, తట్ట వెనక్కి తీసుకుని, పక్క సీటుకి పోయాడు. కొండమ్మ గర్వంగా కొంగు సర్దుకుంది. నిజానికి ఆవిడ దగ్గర డబ్బుల్లేకా కాదు, ఇవ్వాలని లేకా కాదు. పెట్టిన చేతికి వెల కట్టినట్టు అనిపించింది, అంతే.

ఇంక ఆ రోజు నుంచీ చూడాలి. ఒకరు మజ్జిగ తెచ్చారు, ఒకరు దోసకాయలు తెచ్చారు, ఆదెమ్మ తన పెట్ట పెట్టిన గుడ్లు తెచ్చింది. రైతులు తక్కువ తిన్నారా? సంచెడు మిరపకాయలు సీటు కింద పెట్టించారు. అతను వద్దు మొర్రో అన్నా వినలేదు. ఊరివాళ్ళ లెక్కలో ఆ బస్సు కొత్తగా ఊరికొచ్చిన అల్లుడు. అల్లుడికి పెట్టడం తెలుసు గానీ, అల్లుడి బండెక్కి బాడుగ ఇవ్వడం ఎక్కడన్నా ఉందా? పెట్టినవాళ్ళెవరూ టికెట్టు తీసుకోలేదు. పెట్టనివాళ్ళంటూ ఊళ్ళో ఎవరూ మిగల్లేదు. అంకమ్మరావుని అయితే అడిగే ధైర్యం ఎవరికుంది? రోజూ రెండు పూటలా బస్సు కిటకిటలాడుతూ పోయేది, కిటకిటలాడుతూ వచ్చేది.

ఒకరోజు అన్నం తింటూ తింటూ మాబు సాహెబ్ చెయ్యి ఆపాడు.

"పిన్నమ్మా, లెక్క కాగితంలో మీ ఊరి స్టేజీ దగ్గర నేను రోజూ సున్నాలు చుట్టుకుంటన్నా. పైనోళ్ళు చూస్తే బాగుండదు."

"బస్సులో కాలు పెట్టను సందు లేకపోతే సున్నా ఏందయ్యా? కళ్ళున్నోడికి ఇంతమంది మనుషులు కనపడరా? తిను, తిను. పచ్చడి ఎయ్యనా?"

అతను కంచం ముందుకు జరిపాడు. పచ్చడి వేయించుకుని తిన్నాడు.

బస్సొచ్చిన సంబరంలో కొండమ్మకి ఇంకో కోరిక పుట్టింది. ఒక్కగానొక్క కూతురు రెబ్కాకి ఎనిమిదో నెల నిండుతోంది. అల్లుడు ప్రేమదాసు పేటలో స్పిన్నింగు మిల్లులో పని. వాళ్ళుండే వీధి చివరే ఆసుపత్రి. తొలికాన్పుకి పుట్టింట్లో పురుడు పోయడం రివాజే అయినా, వియ్యపురాలు దేవకుమారి మొదట్లోనే తెగేసి చెప్పింది, దారిలేని ఊరికి పిల్లని పంపేది లేదని. అప్పుడు కొండమ్మ నోరు పెగల్లేదు. ఇప్పుడు పెగిలింది. బస్సు దిగి తిన్నగా వాళ్ళింటికి పోయింది.

"పిల్లని తీసుకుపోతా వదినా, పురిటికి."

"మళ్ళీ మొదలెట్టావా వదినా? పిల్ల పల్చగా ఉంది, కాన్పు కష్టమవుద్ది, నొప్పులు మొదలైన వెంటనే తీసుకురమ్మని డాక్టరమ్మ చెప్పింది. ఇక్కడయితే నాలుగడుగులు. అక్కణ్ణించి ఎట్టా తెస్తావు?"

"ఎట్టా తెస్తానా? బస్సులో తెస్తా! మా గుమ్మంలో ఎక్కితే మీ సెంటర్లో దిగుతాం. మా కండక్టరు నేనెంత చెబితే అంత. టికెట్టు కూడా పుచ్చుకోడు నా దగ్గర, తెలుసా?"

ఎంత మురిపెంగా అందో ఆ మాట! దేవకుమారి కొడుకు వంక చూసింది. ప్రేమదాసు పెళ్ళాం వంక చూశాడు. రెబ్కా అప్పటికే పెట్టె సర్దుకుంటోంది. ఆ పిల్లకీ తల్లి దగ్గర కొన్నాళ్ళు ఉండాలని ఉండదా మరి?

ఆ సాయంత్రం బస్సులో కూతుర్ని కిటికీ పక్కన కూర్చోబెట్టుకుని కొండమ్మ ఊరికొచ్చింది. వాగు మలుపు దగ్గర బస్సు కుదుపుకి రెబ్కా కడుపు పట్టుకుంటే, మాబు సాహెబ్ వెనక నుంచి అరిచాడు, "డ్రైవరు గారూ, నిదానం! మా చెల్లెలుంది బస్సులో." ఆ పూట కొండమ్మ అంతటి అదృష్టవంతురాలు భూమ్మీద లేదు.

మూడు వారాలు బాగానే గడిచాయి. ఒక పొద్దున ట్రంకు రోడ్డు ఎక్కే చోట చెకింగువాళ్ళు బస్సాపారు. కొండమ్మ కూడా అందులోనే ఉంది. సీట్లు నిండి జనం నిలబడి ఉన్నారు. టికెట్లు చూపించమంటే అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. బస్సు మొత్తం మీద టికెట్టున్నవాడు ఒకే ఒక్కడు. వాడు గిన్నెలు అమ్ముకోవడానికి వచ్చిన పొరుగూరివాడు.

చెకింగాయన కండక్టరు లెక్క కాగితం తీసి చూశాడు.

"మీ ఊరి కలెక్షను చూసి అక్కడ మనుషులే లేరేమో, ఖాళీ బస్సు తిప్పుతున్నామేమో అనుకున్నాం మేం. ఈ జనమంతా ఎక్కడి వాళ్ళమ్మా?"

"మా ఊరోళ్ళేనయ్యా. నల్లవాగుపాడు. జనాభా లెక్కల్లో కూడా ఉన్నాం, నేనే దగ్గరుండి రాయించా."

"అందులో ఉంటే సరా? ఇందులో లేరు" అని ఆయన టికెట్ల తట్ట మీద చేత్తో కొట్టాడు. "ఆ లెక్క చూసి బస్సేశారు. ఈ లెక్క చూసి తీసేస్తారు."

కొండమ్మ అడ్డంపడింది. "ఆ అబ్బాయి తప్పేం లేదయ్యా! అడిగాడు, మేమే ఇయ్యలేదు. ఇప్పుడిస్తాం, అందరం ఇస్తాం, తీసుకోండి" అంటూ కొంగుముడి విప్పింది. తలో చెయ్యీ ముందుకొచ్చింది. ఆయన పాపం మంచివాడే. కసిరికొట్టలేదు. కానీ చెయ్యగలిగింది ఏమీ లేదన్నాడు. మాబు సాహెబ్ దగ్గర సంచీ, తట్ట తీసేసుకున్నారు. అతను ఖాకీ చొక్కా గుండీలు సర్దుకుంటూ కిందికి దిగి నిలబడ్డాడు. కొండమ్మ వెనకాలే దిగింది.

"నా వల్లే నాయనా. నా దిక్కుమాలిన నోటి వల్లే."

"బాధపడమాక పిన్నమ్మా. నేనూ గట్టిగా అడగాల్సింది. మీరు పెట్టేది తింటా అడగలేకపోయా." అతను ఆకాశం వైపు చూశాడు. "చెల్లెమ్మని మాత్రం రేపే పేటకి పంపించెయ్. వానలొస్తన్నయ్."

మర్నాటి నుంచి బస్సు రాలేదు. అంకమ్మరావు డిపోకి పోయి బతిమాలి వచ్చాడు. సోమవారానికి చూద్దామన్నారని చెప్పాడు. రెండో వరస గ్రావెల్ కోసం తెచ్చిన లారీలు బస్సున్న వేరే ఊరికి మళ్ళిపోయాయి. రెబ్కా గుమ్మంలో కూర్చుని దారి వైపు చూసి అంది:

"అమ్మా, పోదామా పేటకి? నిదానంగా నడుస్తాలే నేను. ఇంకా పొడిగానే ఉందిగా దారి."

కొండమ్మ చేట పక్కన పెట్టింది. నడిపించి తీసుకుపోవచ్చు. కాదంటే అంకమ్మరావు ట్రాక్టరు పంపకపోడు. కానీ పురిటికని తెచ్చుకున్న పిల్లని పురుడు పోయకుండా అత్తగారింట్లో దింపడమా? "ఏం వదినా, మీ గుమ్మంలో ఎక్కే బస్సేదీ?" అని దేవకుమారి అడిగితే ఏ మొహం పెట్టుకుని నిలబడాలి? టికెట్టు పుచ్చుకోని కండక్టరు ఏమయ్యాడంటే ఏం చెప్పాలి?

"సోమవారం బస్సొచ్చుద్దమ్మా. అంకమ్మరావుగారు చెప్పారుగా. నీకింకా పదిహేను రోజులుంది. వచ్చినాక దర్జాగా పోదాం" అంది.

రెబ్కా సరేనంది. తల్లి మాట ఎప్పుడు కాదంది గనుక!

సోమవారం బస్సు రాలేదు. తుపాను వచ్చింది. ఆదివారం ఆరాధన మధ్యలోనే మొదలైన వాన రెండు రోజులు ఏకధాటిగా కురిసింది. మిరపచేలు చెరువులయ్యాయి. పత్తిచేలు పడుకున్నాయి. దారి మీద పోసిన ఆ ఒక్క వరస గ్రావెల్‌ని నల్లరేగడి మింగి కూర్చుంది. మంగళవారం పొద్దున రెబ్కాకి నొప్పులొచ్చాయి.

ఆదెమ్మ ఊళ్ళో కాన్పులు చేసే మనిషి. చెయ్యి కడుక్కుని లోపలికి పోయింది, కాసేపటికి బయటికొచ్చి కొండమ్మని పక్కకి పిలిచింది.

"ఇది నా చేతుల్లో లేదే. పేటకి తీసుకుపో. తొందరగా తీసుకుపో."

అంకమ్మరావు అడిగిందే తడవుగా ట్రాక్టరు తీయించాడు. అది వాగు దాకా కూడా పోలేదు. మలుపు దగ్గర వెనక చక్రం సగానికి దిగబడి, తిరుగుతూ తిరుగుతూ ఇంకా లోతుకి పోయింది. ట్రాలీలోంచి నులకమంచం కిందికి దించారు. నలుగురు పట్టాలి, మోకాలి లోతు బురద, ముగ్గురే నిలదొక్కుకున్నారు. నాలుగో కోడు కింద అంకమ్మరావే భుజం పెట్టాడు. పల్లె మంచానికి ఊరి సర్పంచి భుజం పట్టడం అదే మొదలు. దాని గురించి ఎవరూ ఏమీ అనలేదు. అడుగు తీసి అడుగు వేయడమే గగనమైపోతుంటే ఎవరికి పట్టింది!

కొండమ్మ మంచం పక్కనే కూతురి చెయ్యి పట్టుకుని నడిచింది. మొదట రెబ్కా గట్టిగా అరిచేది. వాగు దాటాక అరవడం మానేసింది. కొండమ్మకి మోసేవాళ్ళ మొహాలు చూడాలంటే భయమేసింది. ఎవడు ఏ మాట అంటాడోనని చెవులు గట్టిగా మూసుకోవాలనిపించింది. ఎవరూ ఏమీ అనలేదు. రొప్పుతూ నడిచారు. "ప్రభువా, నా పరువు తీసుకో, పిల్లనియ్యి" అనుకుంటూ నడిచింది ఆవిడ. పరువు కోసం కదూ ఇంత దాకా తెచ్చుకుంది!

ట్రంకు రోడ్డు ఎక్కేసరికి మధ్యాహ్నం దాటింది. అంకమ్మరావు రోడ్డుకి అడ్డంగా నిలబడి, పేట వైపు పోతున్న ఎర్రబస్సుని ఆపాడు. జనం లేచి వెనక సీటు ఖాళీ చేశారు. తల్లీకూతుళ్ళని ఎక్కించి, మగవాళ్ళు ముందువైపు నిలబడ్డారు. రెబ్కా తల తల్లి ఒళ్ళో ఉంది. ఇంజను చప్పుడుకి కళ్ళు సగం తెరిచింది.

"అమ్మా, బస్సొచ్చిందా?"

"వచ్చింది తల్లీ. వచ్చింది. ఇదుగో పోతన్నాం. ఇంకెంత, అరగంట."

రెబ్కా నవ్వినట్టే అనిపించింది. తడిజుట్టు మొహం మీద నుంచి తీస్తూ కొండమ్మ ఏదేదో చెప్పింది. నీ మొగుడొస్తాడు, మీ అత్త నన్ను తిట్టినా పడతా, బిడ్డకి ఫలానా పేరు పెడదాం అని ఆపకుండా చెప్పింది. మిల్లుల గొట్టాలు కనపడే చోట బస్సు కుదిపింది. తన చేతిలో ఉన్న చెయ్యి ఎప్పుడో పట్టు వదిలేసిందని కొండమ్మకి అప్పుడు తెలిసింది. మొహం మీద మొహం పెట్టి చూసింది. ఊపిరి లేదు. కడుపు మీద చెయ్యి వేసి చూసింది. అక్కడా కదలిక లేదు.

ఆవిడ ఏడవలేదు. అట్లాగే పట్టుకుని కూర్చుంది.

కండక్టరు కొత్త కుర్రాడు. అందరికీ టికెట్లు కొట్టుకుంటూ చివరికి వచ్చాడు. నీళ్ళు కారుతున్న ఆ మనిషినీ, ఒళ్ళో ఉన్న పిల్లనీ చూసి, తట్ట వెనక్కి తీసుకున్నాడు.

"వద్దులేమ్మా. నువ్వు కూర్చో."

"వద్దనమాక!" బస్సంతా అదిరిపడేలా అరిచింది కొండమ్మ. "వద్దని, వద్దని మా ఊరి బస్సు పోగొట్టుకున్నాం. కొట్టు టికెట్టు! రెండు కొట్టు!"

కుర్రాడు హడలిపోయి తట్ట ముందుకు పట్టుకున్నాడు. "ఎక్కణ్ణించమ్మా?"

"నల్లవాగుపాడు."

"ఆ స్టేజీ ఇప్పుడు లేదమ్మా. తీసేశారు. ట్రంకు రోడ్డు నుంచి కొడతాను." మాట్లాడుతూనే అతను వంగి రెబ్కా మొహం చూశాడు. అతని గొంతు తగ్గిపోయింది. "అమ్మా, ఒక్కటి చాలు. ఆ అమ్మాయికి అక్కర్లేదు."

కొండమ్మ తడిసిన కొంగుముడి విప్పి, ఉన్న చిల్లరంతా అతని తట్టలో పోసింది.

"రెండు కొట్టయ్యా. ఎక్కేటప్పుడు నా బిడ్డ బతికే ఉంది."